వెళ్తున్నామని ఎప్పుడు చెప్పాలి?



మన పల్లెల నుండి పట్నం వెళ్లి పనిచేస్తున్న యౌవనస్థులు ఎందరో ఉన్నారు. ఒకరు ప్రైవేటు బడిలో టీచరు, ఒకరు నర్సింగ్ హోములో నర్సు, మరొకరు ఎరువుల కొట్టులో గుమాస్తా. ఇంతకంటే మంచి పని దొరికిందంటే ఇంటిల్లిపాదికీ సంతోషమే. అయితే దాని వెంటే ఒక బెంగ పట్టుకుంటుంది. ఇప్పుడున్న యజమానికి ఈ సంగతి ఎప్పుడు చెప్పాలి? ముందే చెబితే ఉన్న పని పోతుందేమో, ఆఖరున చెబితే మాట పోతుందేమో. ఈ నెల దీని గురించి కలిసి ఆలోచిద్దాం.

మొదట తొందరపాటు సంగతి చూద్దాం. "వచ్చే నెల నుంచి మా దగ్గరికి వచ్చెయ్యి" అని ఎవరో అనగానే ఉన్న పనికి రాజీనామా ఇచ్చేవారు ఉన్నారు. నోటిమాటను ఉద్యోగంగా లెక్కించకూడదు. జీతమెంత, ఏ ఊళ్లో పని, ఏ తేదీన చేరాలి, ఈ మూడూ రాసి సంతకం పెట్టిన కాగితం చేతికి వచ్చేదాకా ఆగాలి. కొత్తవారు మాట మారిస్తే పాతవారు మళ్లీ తీసుకుంటారన్న నమ్మకం లేదు. ఇంటి అద్దె, డ్వాక్రా వాయిదా, అమ్మానాన్నలకు పంపే డబ్బు మాత్రం ఆగవు.

అలాగని జీతం అందిన మరునాడు ఫోను ఆపేసి మాయమవడం మంచిది కాదు. పదో తరగతి లెక్కల మాస్టారు జనవరిలో చెప్పకుండా వెళ్లిపోతే, మార్చిలో పరీక్ష రాసే పిల్లలు ఏమైపోవాలి? రాత్రి డ్యూటీ నర్సు రాకపోతే, పగలంతా నిలబడిన నర్సే తెల్లవార్లూ నిలబడాలి. ఇంకొక సంగతి. మన పల్లెవారికి మొదటి పని తరచుగా ఎవరో ఒకరి మాట మీద దొరుకుతుంది. మేనమామో, ఊరి మాస్టారో వెంటబెట్టుకుని వెళ్లి "మావాడేనండీ, నమ్మకస్థుడు" అని అప్పగించి వస్తారు. మనం చెప్పకుండా వెళ్తే ఆ పెద్దమనిషి మాటకు విలువ పోతుంది. రేపు అదే ఊరి నుండి ఇంకొక పిల్ల పని అడగడానికి వెళ్తే, "మీ ఊరివాళ్లు వద్దమ్మా" అంటారు.

మరి తగిన సమయం ఏది? కాగితం చేతికి వచ్చాక ఆ వారంలోనే చెప్పాలి. అందుకు ముందు, పాత నియామక పత్రం తీసి నోటీసు ఎన్నాళ్లో చదువుకోవాలి. చాలాచోట్ల ఒక నెల, పెద్ద కంపెనీల్లో మూడు నెలల దాకా ఉంటుంది. కొత్తచోట చేరే తేదీ ఒప్పుకునే ముందే ఇది లెక్క చూసుకోవాలి. "నాకు నెల నోటీసు ఉందండీ" అని చెప్పడానికి మొహమాటం అక్కరలేదు. ఇన్నేళ్లు పనిచేస్తానని బాండు రాసి ఉంటే మరింత జాగ్రత్త. 2025 మే నెలలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకముందే వెళ్లిన ఉద్యోగి కట్టవలసిన రెండు లక్షల రూపాయల షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ప్రభుత్వ టీచరు ఉద్యోగాల సంగతి కొంచెం వేరు. తెలంగాణలో 2024 డీఎస్సీ ఫలితాలు సెప్టెంబరు 30న వస్తే, నియామక పత్రాలు అక్టోబరు 9న ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులకు ప్రకటించిన 2025 మెగా డీఎస్సీలో కూడా పత్రాలు సెప్టెంబరులోనే, బడులు నడుస్తున్న మధ్యలో అందాయి. ఇలాంటప్పుడు నెల నోటీసుకు వ్యవధి ఉండదు. గనుక సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు రాగానే హెడ్మాస్టరుకు నోటిమాటగా చెప్పి ఉంచడం న్యాయం. పిలుపు వచ్చినంతమాత్రాన ఉద్యోగం ఖాయం కాదు గనుక, రాజీనామా ఉత్తరం మాత్రం నియామక పత్రం వచ్చాకే ఇవ్వాలి.

చెప్పే పద్ధతి కూడా ముఖ్యం. తోటివారికంటే ముందు యజమానికే, ఎదురుగా కూర్చుని చెప్పాలి. అదే రోజు తేదీ వేసి ఉత్తరం ఇచ్చి, ముట్టినట్టు సంతకం చేయించిన నకలు దగ్గర ఉంచుకోవాలి. పని ఇప్పించిన పెద్దమనిషికీ ఆ సాయంత్రమే చెప్పాలి. అసలు సర్టిఫికెట్లు ఆఫీసులో ఉంటే, తిరిగి ఇమ్మని ఆ ఉత్తరంలోనే రాయాలి. చెప్పిన రోజే "ఇక రావద్దు" అనే యజమానులూ ఉంటారు. అందుకే ఒక నెల ఖర్చు ముందుగా పక్కన పెట్టుకోవడం మంచిది.

మనకు రావలసినవి కూడా తెలిసి ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవారికి రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే చోట, పర్మినెంటు ఉద్యోగికి ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున లెక్క. ప్రైవేటు బడి టీచర్లకూ ఇది ఉంది. ఐదేళ్లకు రెండు మూడు నెలలే తక్కువైతే, చేరే తేదీ కాస్త వెనక్కి జరపమని కొత్తవారిని అడిగి చూడవచ్చు. పీఎఫ్ డబ్బు తీసేసుకోక, అదే యూఏఎన్ నంబరు మీద కొత్తచోటికి మార్పించుకోండి. పీఎఫ్ పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మంచి పని వచ్చిందని పిల్లలు ఫోను చేసినప్పుడు జీతం ఎంతని అడుగుతాం. దానితోపాటు "మీ సారుకు చెప్పావా, ఎప్పుడు చెబుతావు?" అని కూడా అడుగుదాం.