విద్యార్థుల జీవశాస్త్రపు పోటీ: మన సంఘముల కర్తవ్యము

విజయవాడలో బెంజ్ సర్కిల్ వద్ద రెండు రాజమార్గములు కలియుచున్నవి. ఒకటి చెన్నైనుండి కోల్‌కతాకు పోవునది. రెండవది హైదరాబాదునుండి బందరునకు పోవునది. ఆ ప్రాంతమున పరీక్షలలో మేటి స్థానములు పొందిన బాలబాలికల చిత్రములు పెద్ద పలకలపై కానవచ్చుచుండును. మన డెల్టా గ్రామములనుండి చదువునకై ఆ నగరమునకు వెళ్లిన పిల్లలనేకులు. ఆ చిత్రములను చూచి మనము సంతోషింతుము, సంతోషింపదగినదే. కాని ఆ పరీక్షలలో పిల్లవాడొక్కడే కూర్చుండి, ఇతరులడిగిన ప్రశ్నకు ఇతరులు ముందే యెరిగిన సమాధానమును వ్రాయును. ప్రశ్నను తామే వెదకి, పదిమంది కలిసి, ఎవరును ఎరుగని సమాధానమునకై యత్నించు పోటీ వేరొకటి కలదు. దానిని గూర్చి రైతులు తెలిసికొనుట అవసరమని నా యభిప్రాయము.

దాని పేరు ఐజెమ్. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున 2003 జనవరిలో ఒక నెల తరగతిగా ఆరంభమై, 2004లో అయిదు జట్ల పోటీగా మారినది. నేడు ఏటేట మున్నూరింటికి పైబడిన జట్లు పాల్గొనుచున్నవి. 2022 మొదలుకొని తుది సమావేశము పారిస్ నగరమున జరుగుచున్నది. జట్లలో హెచ్చుభాగము డిగ్రీ చదువుచున్న విద్యార్థులే.

వీరు చేయు పనికి సింథటిక్ బయాలజీ యని పేరు. సూక్ష్మజీవిలోని జన్యువులు పనివానికిచ్చు ఆజ్ఞలవంటివి. ఒకటి ఫలాని లవణము తగిలినప్పుడు మేల్కొనును. మరియొకటి వెలుగునిచ్చు పదార్థమును చేయించును. ఈ రెంటిని జతపరచి హాని లేని సూక్ష్మజీవిలో నిలిపినచో, ఆ లవణమున్నచోట అది వెలుగుచు మనకు తెలియజేయును. 2006లో ఎడింబరో విద్యార్థులు త్రాగునీటిలోని ఆర్సెనిక్ విషమును కనిపెట్టుటకు ఇట్టి యుపాయమునే పన్నిరి. 2010లో బ్రిస్టల్ విద్యార్థులు నేలలోని నైట్రేటును గుర్తించు సూక్ష్మజీవులను గుళికలలో నిలిపి, ఎరువు ఎచ్చట చాలునో ఎచ్చట చాలదో రైతునకు తెలుపవలెనని తలచిరి.

ఈ తలంపు మనకు పరాయిది కాదు. సార్వాలోను దాళ్వాలోను మనము ఆకు రంగు చూచి, ప్రక్కచేను చూచి యూరియా చల్లుచున్నాము. హెచ్చైనది మురుగుకాలువ పాలగును. సుడిదోమను పిలిచి తెచ్చును. శివారు రైతునకు ఉప్పు బాధ; చెరువు రైతునకు రొయ్యలలో తెల్లమచ్చ తెగులు. ఇవన్నియు ప్రయోగశాలకు తగిన ప్రశ్నలే. అడుగువారు లేకున్నారు.

ఈ పోటీలో సహకారులు మెచ్చదగిన నియమమొకటి కలదు. ఒక జట్టు కూర్చిన జన్యుభాగములు ఉమ్మడి భాండారమున చేరును. మరుసటి యేట మరియొక జట్టు వానిని గైకొని, తాను కొంత చేర్చును. ఇది మన సంఘపు గిడ్డంగి పద్ధతియే. దీనికి భిన్నమైన పద్ధతిని గూడ మన ప్రాంతము చవిచూచినది. 2002లో బి.టి. ప్రత్తి వచ్చినప్పుడు జన్యువుపై హక్కు కంపెనీదై యుండెను. 450 గ్రాముల పొట్లము 1,600 రూపాయలకు పైబడి యమ్మెను. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక కమిషను నాశ్రయించిన పిమ్మటగాని ధర 750 రూపాయలకు దిగలేదు. విద్య ఒక్కటే, అది ఎవరి చేతిలో నున్నదను దానిని బట్టి రైతునకు మేలో కీడో కలుగుచున్నది.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయుట నా విధి. ఈ పోటీవలన రేపే మన పొలమునకు మందు వచ్చునని ఎవ్వరును ఆశపడరాదు. జన్యువు మార్చిన జీవిని ప్రయోగశాల వెలుపల విడువరాదని పోటీ నియమము. మన దేశమునందును 1989 నాటి నిబంధనల ప్రకారము అనుమతి లేనిదే అట్టి సూక్ష్మజీవిని బయట విడువరాదు. ఈ కట్టుబాటు మంచిదే. మరి లాభమేమి యనిన, మన భాష తెలిసి, మన పొలము తెలిసి, ఈ శాస్త్రపు మంచిచెడ్డలను మనకు విప్పిచెప్పగల యువకులును యువతులును తయారగుదురు. అట్టివారి యవసరము ఇప్పటికే వచ్చియున్నది. 1986లో బాపట్లనుండి విడుదలయైన సాంబ మసూరిలో జన్యువును సవరించి, హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థవారు చేసిన డి.ఆర్.ఆర్. ధాన్ 100 అను వంగడమును 2025లో ప్రభుత్వము ప్రకటించినది. అట్టిదానిని గూర్చి వాదప్రతివాదములు జరుగునప్పుడు మనము చెవులప్పగించి ఊరకుండవలసినదేనా?

మన దేశమునుండి బెంగుళూరు జట్టు 2006లోనే ఈ పోటీకి వెళ్లినది. తిరుపతిలోని ఐసర్ విద్యార్థులు 2021లో స్త్రీలకు హార్మోనులతో పని లేని గర్భనిరోధక సాధనమును గూర్చిన ఆలోచనతో పోటీలో నిలిచిరి. తిరుపతి విద్యార్థులు చేయగలిగిన పనిని కృష్ణా డెల్టా విద్యార్థులు చేయలేరనుటకు కారణము కానరాదు.

అయితే సంఘములు చేయవలసినదేమి? ఈ పోటీలో నిర్ణేతలు ఒక సంగతిని ప్రత్యేకముగా విచారింతురు: మీ పని ఎవరికి తగులునో వారినడిగితిరా? వారి మాటవలన మీ పనిలో ఏమి మారినది? పని యంతయు ముగిసిన తరువాత ఒకనాటి మధ్యాహ్నము పొలము గట్టుమీద రైతుతో చిత్రము తీయించుకొని పోవుట ఈ ప్రశ్నకు జవాబు కాదు. కావున రైతు తుదిని గాక మొదటనే ఉండవలెను. ప్రతి సంఘమును తన సర్వసభ్య సమావేశమున మూడు ప్రశ్నలు నిర్ణయించి, వ్రాతమూలముగా సమీపపు కళాశాలకు పంపవలెను. విద్యార్థులు వచ్చినచో నాట్లనుండి కోతలవరకు పొలము చూపవలెను. మన్ను, నీరు పరీక్షకు ఇవ్వవలెను. తప్పు తోచినచోట మొగమాటము లేక చెప్పవలెను.

ఇక ధనము సంగతి. జట్టు రుసుమే వేల డాలర్లు, ప్రయాణవ్యయము వేరు. సభ్యుల డిపాజిట్లనుండి విమానపు టికెట్లు కొనుమని నేను చెప్పను. అది కళాశాలలును ప్రభుత్వమును భరింపవలసిన భారము. రైతునకు అప్పు సకాలమున నిచ్చుటయే సంఘమునకు ప్రథమధర్మము. మనమీయగలది వేరొకటి కలదు. అది ఏ నగరమునను కొనుటకు దొరకదు. ఏ మడిలో ఏ నెలలో ఏమి జరుగునో తరతరములుగా కనిపెట్టిన యెరుక అది. దానిని పిల్లలకు ప్రశ్నరూపమున అందింతము.

ఈ పోటీలో మొదటి బహుమానము వెండి గిన్నె కాదు. లోహముతో చేసిన ఇటుక. ఇటుక ఒంటరిగా ఇల్లు కాజాలదని మనకు వేరుగా చెప్పనక్కరలేదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా సంఘాధ్యక్షులను, కార్యదర్శులను కోరుచున్నాను.