‘ఇతరములు’ గడిలో జ్వరం

1994 సెప్టెంబర్‌లో ప్లేగు భయంతో లక్షలాది జనం సూరత్ వదిలి పారిపోయారు. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు, అధికారులను ఏసీ గదుల్లోంచి వీధుల్లోకి దించి ఊరికి కొత్త రూపు తెచ్చిన కథ పాతదే. అంతగా చర్చకు రానిది కాగితాల సంగతి.

అంకెలతో పేచీ లేదు. వార్డు, నెల, రోగం అనే మూడు ముఖాల ఘనంలో వాటిని అమర్చి, కావలసిన వైపు నుంచి కోసి చూడొచ్చు. ఈ తరహా విశ్లేషణకు 1993లో ఇ.ఎఫ్. కాడ్ ‘ఓలాప్’ అని పేరు పెట్టారు. డాక్యుమెంట్లు మాత్రం అంత బుద్ధిగా కూర్చోవు. లింబాయత్ నుంచి ఓ అర్జీ వచ్చిందనుకోండి: మురుగు పొంగుతోంది, కుళాయి నీళ్లు వాసనొస్తున్నాయి, పిల్లాడికి జ్వరం. మూడు గడుల్లోనూ వేస్తే ఒక్క అర్జీ మూడవుతుంది. మూడో వంతు చొప్పున పంచితే మొత్తం సరిపోతుంది. కానీ ఆ తల్లికి జ్వరం మూడో వంతు సమస్యేనా?

ఇక కూడిక. వంద రూపాయలు, రెండొందలు కలిస్తే మూడొందలు. వంద నివేదికలు కలిస్తే ఏమిటి? తరచూ వచ్చే మాటలు ఏరమంటే కంప్యూటర్ ‘దయచేసి’, ‘విజ్ఞప్తి’ అంటూ జాబితా ఇస్తుంది. అందుకే అన్నిచోట్లా కనిపించే మాటకు విలువ తగ్గించి, కొన్నిట్లోనే వచ్చే మాటకు పెంచుతారు. తెలివైన ఉపాయమే. అయితే ఒకే ఒక్క కాగితంలో ఉన్న మాట రోగమూ కావచ్చు, అచ్చుతప్పూ కావచ్చు.

అసలు పేచీ ముఖాల ఎంపికలో ఉంది. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కార్మికుల కుటుంబాలు సూరత్‌లో తరాలుగా ఉంటున్నాయి; కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. అర్జీ ఏ భాషలో వచ్చిందన్నది నమూనాలో లేకపోతే, గుజరాతీ పదకోశానికి అందని ఆ మగ్గాల వీధుల గోడు నేరుగా ‘ఇతరములు’లోకి పోతుంది. ఆ గడిని ఏ అధికారి తెరిచి చూస్తాడు?

1994లో సూరత్ డాక్టర్లకు మొదట ఎదురైనది పేరున్న ప్లేగు కాదు. వేడ్ రోడ్డు పరిసరాల నుంచి వచ్చిన, న్యుమోనియాలా కనిపించిన కేసులు. ముందే గీసుకున్న గడుల్లో అవి న్యుమోనియాగానే పడేవి. మీట నొక్కితే మొత్తం నుంచి వార్డుకు, వార్డు నుంచి వీధికి దిగే సదుపాయాన్ని అమ్మకందార్లు గొప్పగా చూపిస్తారు. ఇంకో మెట్టు దిగి, డాక్టర్ చేత్తో రాసిన కేసు షీటు దాకా వెళ్లనిస్తుందా అన్నది కొనేవాళ్లు ముందుగా అడగాలి.