కాల్చిన లీటరుకా, మిగిల్చిన లీటరుకా?

లీటరు డీజిలు బరువు కిలోకన్నా తక్కువే. కాని అది మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. ఇదెలా సాధ్యమని మీకు సందేహం కలగవచ్చు. డీజిలులోని ఒక్కొక్క కార్బన్ పరమాణువు గాలిలోని రెండు ఆక్సిజన్ పరమాణువులతో కలుస్తుంది. అదనపు బరువు గాలినుంచి వచ్చినదే!

2011లో ప్రపంచంలోని చేపలవేట పడవలన్నీ కలిసి సుమారు 4,000 కోట్ల లీటర్ల ఇంధనం కాల్చాయని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. మన విశాఖపట్నం, కాకినాడ రేవుల మరపడవలు కూడా డీజిలుతో నడిచేవే. ఆ ఖర్చు మత్స్యకారులకు పెద్ద భారం. అందుకే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో డీజిలు రాయితీని లీటరుకు 6 రూపాయల 3 పైసలనుంచి 9 రూపాయలకు పెంచింది.

సాయం చేయవలసిందే. కాని లీటరు లెక్కన ఇవ్వడంలో ఒక చిక్కుంది. నిర్ణీత పరిమితి వరకు, ఎక్కువ కాల్చిన పడవకు ఎక్కువ సొమ్ము, పొదుపు చేసిన పడవకు తక్కువ సొమ్ము అందుతుంది.

పొదుపుకు మార్గాలున్నాయి. పడవ నడవడానికి కావలసిన ఇంజను సామర్థ్యం దాదాపు వేగం ఘనాన్నిబట్టి పెరుగుతుంది. వేటస్థలానికి వెళ్ళేటప్పుడు వేగం పదోవంతు తగ్గిస్తే ప్రయాణం కొంత ఆలస్యమైనా, ఇంధనం సుమారు అయిదోవంతు మిగులుతుంది. పడవ అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకివేస్తే నీటి నిరోధం తగ్గుతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల సాయంతో చేపలు దొరికే తావులను తెలుపుతుంది, వెతుకులాట తగ్గుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించిన ‘సాగర్ హరిత’ అనే పొదుపు పడవ 2016లో నీటిలోకి దిగింది.

కనుక రాయితీ సొమ్మును తగ్గించరాదు. ఇచ్చే తీరు మార్చాలని నా అభిప్రాయం. అందులో కొంత భాగాన్ని పడవ అడుగు బాగుచేయడానికి, సరైన ప్రొపెల్లరుకు, మంచి ఇంజనుకు ఇవ్వాలి. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉండే ఆ 61 రోజులే ఈ పనికి తగిన కాలం.

ఈ మార్పు ఒక్కసారిగా తెస్తే అప్పుల్లో ఉన్న చిన్న పడవలవారు దెబ్బతింటారు. కనుక క్రమంగా, ముందు వారితోనే మొదలుపెట్టాలి. డీజిలు మిగిలితే వాటాకు పనిచేసే కళాసీల చేతికీ నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి.

మీ ఊరు తీరానికి దగ్గరైతే ఒక పడవ వేటకు వెళ్ళి రావడానికి ఎన్ని లీటర్లు కాలుస్తుందో అడిగి తెలుసుకోండి. దానిని 2.7తో గుణించి చూడండి.