నా ప్రార్థనలో నిఫ్టీ

మార్కెట్ పొద్దున 9:15కి ఓపెన్ అవుతుంది. పోయినేడాది నా ఉదయ ప్రార్థన సరిగ్గా 9:10కి మొదలయ్యేది. చాలా చిన్న ప్రార్థన. "ప్రభువా, ఇవాళ నిఫ్టీ పైకి వెళ్లాలి. ఆమెన్."

నవ్వకండి. మొదట్లో అంతా భక్తిగానే చేశా. ఆప్షన్స్‌లో లాభం వస్తే దశమభాగం చర్చికి ఇస్తానని మొక్కుకున్నా. మొదటి వారం ఆరు వేలు వచ్చాయి. 'దేవుని ఆశీర్వాదం' అని వాట్సాప్ స్టేటస్ పెట్టా. దశమభాగం మాత్రం ఇవ్వలేదు. క్యాపిటల్ పెరిగాక ఒకేసారి ఇద్దాంలే అనుకున్నా.

ఒకరోజు అమ్మ ఫోన్ చేసింది. పిన్నికి ఆపరేషన్, ఇరవై వేలు సర్దగలవా అని. ట్రేడింగ్ అకౌంట్‌లో అరవై వేలున్నాయి. "ఈ నెల చాలా టైట్‌గా ఉందమ్మా" అన్నా. అమ్మ మారు మాట అడగలేదు. "అయ్యో, ముందే చెప్పలేదేం నాన్నా" అని ఫోన్‌లోనే ప్రార్థన చేసింది, నా ఇబ్బంది తీర్చమని. లేని ఇబ్బంది! చివర్లో నేనూ ఆమెన్ అన్నా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లూకా 12వ అధ్యాయం తీశా. పంట బాగా పండితే పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న ధనవంతుడి ఉపమానం సండే స్కూల్ నుంచి వింటున్నదే. కానీ ఈసారి ఒకటి తట్టింది. అతను దొంగ కాదు, మోసగాడూ కాదు. పొలం పండింది, అంతే. కానీ అతను మాట్లాడేదంతా తనతోనే. నా పంట, నా కొట్లు! పొరుగువాడు అతని లెక్కలోనే లేడు. యోసేపు కూడా ఐగుప్తులో ఏడేళ్లు ధాన్యం కూడబెట్టాడు. కానీ కరువొచ్చినప్పుడు ఆ కొట్లు తెరిచాడు.

2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ ట్రేడింగ్ చేసిన మనలాంటి మామూలు వాళ్లలో 93 శాతం మందికి నష్టమేనని సెబీ లెక్క చెప్పింది. అది నాకు ముందే తెలుసు. నేను ఆలోచించనిది ఇంకోటి. షేరు కొని పదేళ్లు ఉంచుకుంటే కంపెనీ ఎదుగుదలలో మనకూ వాటా వస్తుంది. ఆప్షన్స్‌లో నాకొచ్చే రూపాయి అవతల ఎవరో పోగొట్టుకున్నదే. అంటే రోజూ 9:10కి నేను దేవుణ్ణి అడిగింది ఏంటి? ఇంకొకడి జేబు ఖాళీ చేయమనే కదా!

ధనాపేక్ష విగ్రహారాధనే అని పౌలు కొలొస్సయులకు రాస్తే, మరీ అతిగా అన్నాడనుకునేవాణ్ణి. లేవగానే దేన్ని చూస్తాం, దేనికోసం అమ్మకి అబద్ధం చెప్తాం అని ఆలోచిస్తే అర్థమైంది. దేవుణ్ణి వదిలేయలేదు నేను. ఆయన్ని ఆ విగ్రహానికి పనివాడిగా పెట్టుకున్నా.

తర్వాతి వారం పొజిషన్లన్నీ క్లోజ్ చేశా. మిగిలింది 41 వేలు. ఇరవై పిన్నికి పంపి, అమ్మకి నిజం చెప్పేశా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీ ఇబ్బంది తీర్చమనే కదా అడిగాను, తీర్చాడులే" అంది.

సిప్ ఇప్పటికీ కడుతున్నా. డబ్బు దాచుకోవడం పాపం కాదు. కానీ అయినవాళ్లు అడిగినప్పుడు ఉన్నది లేదని నోరు దానంతటదే అంటోందా? అక్కడ ఒక్క నిమిషం ఆగండి.