ఆకుల సాక్ష్యం

అప్పు పత్రానికి ఇద్దరు సాక్షులుండాలని ఫిఖ్హ్ పాఠంలో విద్యార్థులకు బోధిస్తాము. ఆకును సైతం మన భాషలో పత్రమనే అంటాము. రాతిలో ముద్రపడిన ప్రాచీన పత్రాలను చదివే శాస్త్రజ్ఞులు కూడా ఒక్క సాక్షితో తృప్తి చెందరు.

వారికి మొదటి ఆధారం ఆకు అంచు. జీడి, పనస, మామిడి ఆకుల అంచులు నునుపుగా ఉంటాయి. వేపాకు అంచు రంపపు పళ్లవలె ఉంటుంది. వెచ్చని సీమల వృక్షజాతులలో నునుపు అంచులవి అధికమనీ, చల్లని సీమలలో పళ్ల అంచులవి అధికమనీ 1915లో అమెరికా శాస్త్రజ్ఞులు బెయిలీ, సిన్నాట్ తెలియజేశారు. వేపాకు ఒక్కటే చూసినవాడు ఉద్దానాన్ని శీతలదేశమని భ్రమించగలడు. అందుచేత ఒకే పొరలోని అనేక జాతుల ఆకులను లెక్కించి, నునుపు అంచులవి నూటికి ఎన్నో చూసి, నాటి ఉష్ణోగ్రతను అంచనా వేస్తారు. ఆకుల పరిమాణాన్ని బట్టి వర్షపాతాన్ని ఊహిస్తారు.

కోటబొమ్మాళి పరిసరాల కొండలలో ఇటువంటి ముద్రలను వెదకి ప్రయోజనం లేదు. అవి భూగర్భంలోని తీవ్రమైన వేడికి, ఒత్తిడికి రూపు మారిన రాళ్లు. గోదావరి లోయలోని బొగ్గు పొరల నడుమ మాత్రం గ్లాసోప్టెరిస్ అనే చెట్ల ఆకులు లభిస్తాయి. వాటి వయస్సు 25 కోట్ల సంవత్సరాలకు పైమాటే. అవి పూలు పూసే చెట్లు కావు గనుక అంచుల సూత్రం వాటికి వర్తించదు. వేరే సాక్షి కావాలి. ఆ బొగ్గు పొరలకు అడుగున హిమానీనదాలు మోసుకొచ్చిన బండలున్నాయి. ఒడిశాలోని తాల్చేరు వద్ద ఇటువంటి బండలను 1856లోనే గుర్తించారు. బండ, ఆకు కలిసి చెప్పేదేమంటే, నేడు ఎండలు మండే గోదావరి నేల ఒకప్పుడు మంచు కప్పుకొని, అది కరిగిన పిదప అడవిగా మారింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కాలం మారిందని కొందరు, తుపానులు ఎప్పుడూ ఉన్నవేనని మరికొందరు అంటారు. ఒక్క తుపాను ఒక్క ఆకు వంటిది. భూమి వేడెక్కుతున్నదని లోకమంతటి కొలతలు చెబుతున్నాయి. అయితే మన తోటలో ఏది ఎంత మారిందో తేల్చడానికి మన లెక్కలే కావాలి. కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఏ మొక్క నాటాలన్న నిర్ణయం ఊహపై ఆధారపడరాదు.

కాబట్టి తల్లిదండ్రులారా, ఇంట ఒక పుస్తకం పెట్టి పిల్లలచేత వ్రాయించండి: జీడి ఏ తేదీన పూసింది, తొలివాన ఎప్పుడు కురిసింది, గాలికి ఎన్ని చెట్లు పడ్డాయి. పొరుగింటివారిచేత కూడా వ్రాయించి, ఏటా రెండింటినీ సరిచూడండి.