తల్లి చేపను చూసి పిల్ల కొనాలి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చెరువుల్లో బొచ్చె, రవ్వ చేపలను పోల్చుకోవడం మత్స్యకారులకు చిటికెలో పని. బొచ్చెకు పెద్ద తల, పైకి తిరిగిన నోరు, మందమైన కింది పెదవి ఉంటాయి, మీసాలుండవు. రవ్వకు తల చిన్నది, పెదవుల అంచు కుచ్చులా ఉంటుంది, సన్నటి మీసాలుంటాయి. తల బొచ్చెకంటే చిన్నదై, ఒళ్లు రవ్వకంటే వెడల్పుగా ఉంటే అది ఈ రెంటి సంకరమని అనుమానించాల్సిందే. 1957లో హీరాలాల్ చౌధురి హార్మోన్‌తో గుడ్లు పెట్టించే పద్ధతి సాధించాక చేప విత్తనానికి కొరత తీరింది. కానీ హేచరీలో రెండు జాతులనూ ఒకే తొట్టిలో వదిలితే సంకరం పుడుతుంది. దానికీ సంతానం కలుగుతుంది, అసలు చిక్కంతా అక్కడే! అది మళ్లీ బొచ్చెతో కలిస్తే పుట్టే పిల్లలను కంటితో పోల్చలేం, డీఎన్‌ఏ పరీక్షే దిక్కు. బొచ్చె పైనీటి మేత, రవ్వ నడినీటి మేత తింటాయనే లెక్కతోనే రెండింటినీ కలిపి పెంచుతాం. జాతి కలగాపులగమైతే ఆ లెక్క తప్పుతుంది. వేలెడంత పిల్లలో తేడా తెలియదు కాబట్టి, ఉచిత పంపిణీకి విత్తనం కొనే మత్స్యశాఖ ముందుగా హేచరీల్లోని తల్లి చేపలను పరీక్షించాలి. మత్స్యకారుల సొసైటీలు కూడా ఆ పరీక్ష ధ్రువీకరణ చూపమని గట్టిగా అడగాలి.