ఓటమి నొసగు గురువు

జపాను దేశపు యుద్ధవిద్యలలో కటా యనబడు నిర్ణీతాభ్యాసము, అనగా అడుగు, చూపు, శ్వాస, ఆఘాతము ముందే నిశ్చితములై తరతరములుగా నొకే క్రమమున ననుష్ఠింపబడునది, నిర్జీవమైన యాచారమని తలంచువారు నేడు పెక్కురు కలరు. శత్రువు మనతో ముందుగా సంప్రదించి కొట్టునా యని వారి ప్రశ్న. ఈ ప్రశ్న క్రొత్తది కాదు, అన్యాయమైనదియు కాదు. పదునెనిమిదవ శతాబ్దముననే అచ్చటి ఖడ్గవిద్యాశాలలలో నిట్టి యసంతృప్తి పొడసూపగా, కొందరు గురువులు కవచమును, వెదురుబద్దలతో కట్టిన షినాయి యను అభ్యాసఖడ్గమును ప్రవేశపెట్టి, శిష్యులు సంకోచము లేక యొకరినొకరు కొట్టి నేర్చుకొను మార్గము నేర్పరచిరి. నేటి కెండో యా మార్గమున పుట్టినదే.

అయినను చరిత్ర యచ్చట నాగలేదు. 1895లో క్యోటో నగరమున స్థాపితమైన దాయి నిప్పోన్ బుతొకు కాయి యను సంస్థ, వివిధ సంప్రదాయముల సారమును గ్రహించి, 1912లో కెండో కొరకు మరల పది కటాలను కూర్చెను. మొదటి యేడింటిలో నిరువురును దీర్ఘఖడ్గములను, కడపటి మూడింటిలో నొకరు దీర్ఘఖడ్గమును, వేరొకరు చిన్నకత్తిని ధరింతురు. దాడిని ప్రారంభించువాడు ఉచిదాచి, దానికి బదులిచ్చువాడు షిదాచి. ఉచిదాచి స్థానము గురువుది. పదింటిలోను ఓడువాడు గురువే.

మొదటి కటాలో నిరువురును ఖడ్గములను తలలపైకెత్తి సమీపింతురు. గురువు అదను చూచి, శిష్యుని శిరస్సును నిజముగా చీల్చునంతటి సంకల్పముతో వ్రేయును. శిష్యుడు వెనుకకు జరిగి యా వ్రేటును శూన్యము పాలు గావించి, మరుక్షణమే ముందునకు వచ్చి గురుశిరస్సుపై తన ఖడ్గమును దింపును. ఇచ్చట గురువు నటించెనా, సర్వమును చెడును: వ్రేటు దూరముననే ఆగిపోవునని తెలిసిన శిష్యుడు తప్పుకొనుట నేర్వడు, వెనుకంజ వేయుట మాత్రమే నేర్చును. శిష్యుని శక్తి యెంతయో కనిపెట్టి, దానికి వెండ్రుకవాసి మిన్నగా దాడి చేసి, వాడు భయము నతిక్రమించిన యా క్షణమున తన శిరస్సు నప్పగించుట యెంతటి నిగ్రహమును, ఎంతటి వాత్సల్యమును కోరు కార్యము! నిశ్చితమైనది దెబ్బల వరుస మాత్రమే. ఆ దెబ్బ పడు క్షణము, దాని వెనుకనున్న సంకల్పము ప్రతిసారియు నూతనములే. కటా ప్రాణమిచ్చటనే యున్నదని నా దృఢవిశ్వాసము.

కరాటే కటాలోనైతే ఈ యెదుటివాడు కంటికి కనబడడు. ఇరువదవ శతాబ్దారంభమున ఒకినావా పాఠశాలలలో కరాటేను ప్రవేశపెట్టిన ఇతోసు అంకో, పినాన్ అను నైదు కటాలను రచించెను. ఒక్క యుపాధ్యాయుని యెదుట బాలురు పంక్తులు తీరి నేర్చుటకు ఒంటరి కటా మిక్కిలి యనుకూలించెను. విద్య వ్యాపించెను గాని, ఒక్కొక్క కదలిక యెట్టి దాడికి సమాధానమో విప్పిచెప్పు బుంకాయి పెక్కుచోట్ల వెనుకబడెను. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్కులలో కటా పోటీవిషయమై, ఒకినావాకు చెందిన కియునా ర్యో స్వర్ణపతకము గెలుచుకొనెను. ఆయన సాధన యెల్లరకు వందనీయము. కాని యేకాకి ప్రదర్శనకు న్యాయనిర్ణేతలు వేయు మార్కులే కటాకు పరమప్రయోజనమన్న భావన నేనంగీకరింపజాలను.

మన తెలుగు పట్టణములలోను కరాటే నేర్చు బాలబాలికలు నేడు పెక్కురు కలరు. వారి బెల్టు పరీక్షలలో బిడ్డను మైదానమున నొంటరిగా నిలిపి కటా చేయించి పంపివేయక, నేర్పిన గురువే యెదుట నిలిచి, ఆ కటాలోని ప్రతి నిరోధమునకు తగిన దెబ్బను నిజముగా వేయవలెననియు, ఆ దెబ్బను బట్టి గురువును సైతము పరీక్షింపవలెననియు నా కోరిక.